పందుల షెడ్డు గేటు బయట

నా డైరీలో వాసనకు ఒక గడి ఉంది. నార్సింగిలో ఈ పదకొండో అంతస్తు ఫ్లాటులోకి వచ్చిన మూడో వారం నుంచి గీస్తున్నాను. తేదీ, లేచిన వేళ, రక్తపోటు, గాలి ఏ వైపు నుంచి, వాసన ఎంత. గాలి దిక్కు తెలియడానికి ఎదురుగా కడుతున్న టవర్ మీది క్రేన్‌కు కట్టిన ఎర్రజెండా చాలు. వాసనకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తాను. మూడు అంటే బాల్కనీ తలుపు మూసేసి మా ఆవిడ అగరువత్తి వెలిగించాల్సినంత.

ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ పశువ్యాధి ప్రయోగశాలలో పనిచేశాను. ఎక్కువ కాలం పందుల జబ్బులే చూశాను. పెళ్లిళ్లలో బంధువులు "మా పందుల డాక్టరు గారు" అని పరిచయం చేసి నవ్వేవారు. ఆ ఉద్యోగం నాకు రెండు అలవాట్లు ఇచ్చింది. చూసింది అప్పటికప్పుడు రాసుకోవడం ఒకటి. ఎదుటివాడు చెప్పింది నమ్మకపోవడం రెండోది.

మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మా జిల్లావాడే. వానాకాలం మొదట్లో ఒక ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చి, బాల్కనీలోంచి కిందికి వేలు చూపించాడు. మా ప్రహరీ గోడ వెనక కొన్ని బండరాళ్లు, వాటి అవతల చిన్న కుంట, కుంట గట్టున నీలం రేకుల షెడ్డు. షెడ్డులో తెల్లటి సీమపందులు.

"అంకుల్, మీరుండగా మాకు వేరే ఎక్స్‌పర్ట్ ఎందుకండి? కుంట ఎంత పచ్చగా అయిపోయిందో చూడండి. నురగ కూడా వస్తోంది. అదంతా ఆ పందుల పెంటే. మీరో రిపోర్ట్ రాసిస్తే కంప్లైంట్‌కి జతచేసి పైకి పంపుతాం. షెడ్డు లేపేస్తారు."

"చూడకుండా ఎలా రాస్తానండి?"

"చూసే రాయండి. కాకపోతే నెలాఖరులోపు కావాలి."

అక్కడ దాదాపు యాభై పందులున్నాయి. వాటి మీద బతికే మొగుడూ పెళ్లాలున్నారు. నా కాగితం వెళితే వాళ్లు ఆ చోటు ఖాళీ చేయాల్సిందే. ఆ సంగతి ఆ రోజే డైరీలో రాసుకున్నాను. కింద ఇంకో వాక్యం కూడా రాశాను: "జాలి పనికిరాదు. ముందు చూడాలి."

మర్నాడు వెళ్లాను. ఇనుప జాలీ గేటు, దానికి గొలుసు. గేటు లోపల నేల మీద ఒక రేకు పళ్లెం, అందులో సున్నపు నీళ్లు. పందులాయనకు యాభై ఏళ్లుంటాయి. పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు. కొత్తగూడ హాస్టళ్లలో మిగిలిన అన్నం డ్రమ్ముల్లో తెచ్చి పందులకు పెడతాడు. నేను పశువుల డాక్టర్నని చెప్పినా గొలుసు తీయలేదు.

"డాక్టరైతే మంచిదే సార్. నిన్న యాడ తిరిగిండ్రు?"

"ఏమిటి?"

"నిన్న, మొన్న. ఏదన్న పందుల కాడికి పోయిండ్రా? కోత దుకాణానికి గిట్ల?"

"రిటైరైన మనిషిని. ఇంట్లోనే ఉన్నాను."

"ఉంటే ఉన్నరు సార్. నాకెట్ల తెల్వాలె? నాలుగు దినాలు ఏ పందినీ ముట్టకుండ ఉండి, ఐదో దినం రాండ్రి. నేనే సూపిస్త."

ఈ నియమం నాకు కొత్త కాదు. ఒక మంద నుంచి ఇంకో మందకు జబ్బు మనిషి చెప్పుల మీదే వెళుతుందని, శిక్షణ తరగతుల్లో రైతులకు నోరు నొప్పి పుట్టేలా చెప్పినవాణ్ణి. అయితే అదే మాట గేటు అవతల నుంచి ఒకడు నాకు చెబితే, అది సాకులా వినబడింది. ఇంటికి వచ్చి రాశాను: "దాచేవాడే గడువు అడుగుతాడు. మనిషి మాట నమ్మేలా లేదు."

ఐదో రోజు వెళ్లలేదు. చెప్పిన రోజు వెళితే అన్నీ సర్దేసి ఉంచుతాడు. మా ఉద్యోగంలో తనిఖీ అంటే చెప్పకుండా వెళ్లేదే. అందాకా బాల్కనీలోంచి బైనాక్యులర్స్‌తో చూడాలనుకున్నాను. ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు.

మొదటి శనివారమే మోపెడ్ మీద రెండు బస్తాల సున్నం వచ్చింది. చచ్చిన పందుల్ని గోతిలో పూడ్చేటప్పుడు పైన సున్నం చల్లుతారు. అంత సున్నం ఎందుకు? ఈ మధ్య పందులకు వస్తున్న ఆఫ్రికన్ జ్వరానికి మందు లేదు. ఒక షెడ్డులో బయటపడితే చుట్టుపక్కల పందులన్నిటినీ చంపి పూడ్చేస్తారు. అందుకే కొందరు నాలుగైదు చావగానే గుట్టుగా పాతేసి, మిగిలినవాటిని అమ్మేసుకుంటారు. నా సర్వీసులో అలాంటివాళ్లను చూశాను కాబట్టి ఈ అనుమానం ఉత్తినే వచ్చింది కాదు.

ఇంకోటి పొగ. హాస్టల్ ఎంగిలిలో మాంసం ముక్కలుంటాయి. వాటితో జబ్బు రావచ్చు గనక, బాగా ఉడకబెట్టి పెట్టాలి. డ్రమ్ముల కొద్దీ ఉడకబెట్టాలంటే కట్టెల పొయ్యి కావాలి, కట్టెలకు పొగ వస్తుంది. పద్నాలుగు రోజులు చూశాను. పొగ గడిలో పద్నాలుగు రోజులూ ఒకే మాట: "లేదు."

ఆ తర్వాతి గురువారం, పోల్చి చూసుకుందామని, ఔటర్ రింగ్ రోడ్డు అవతల శంకర్‌పల్లి దారిలో ఉన్న ఇంకో పందుల ఫారానికి వెళ్లాను. ఆయన నవ్వుతూ ఎదురొచ్చి, గేటు బార్లా తీసి, ప్రతి అర దగ్గరికీ తిప్పాడు. టీ ఇచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చారని కూడా అడగలేదు. ఆటోలో కూర్చుని రాసుకున్నాను: "మంచి మనిషి. ఏదీ దాచలేదు. రెండు ఆడపందులు మేత ముట్టలేదు, ఉక్క వల్ల కావచ్చు."

నార్సింగి చేరేసరికి పదకొండున్నర. మా పందులాయన రోజూ పదింటికి హాస్టళ్లకు వెళ్లి పన్నెండున్నరకు గానీ తిరిగిరాడని నా డైరీ చెబుతోంది. ఆటోను అటే పోనిమ్మన్నాను.

గేటుకు గొలుసు ఉంది, తాళం లేదు. తీసి లోపలికి వెళ్లాను. సున్నపు నీళ్ల పళ్లెంలో కాళ్లు ముంచి వెళ్లాలి. వేసుకున్నవి తోలు బూట్లు. తెల్ల మరకలు పోవని దాని మీదుగా అడుగు వేసి దాటాను.

లోపల నేననుకున్నంత అధ్వాన్నంగా లేదు. గోడలకు సున్నం, అరల్లో పొడిగా ఊకపొట్టు. ఒక తల్లి పంది పక్కన పిల్లలు. వంగి ఒకదాని ఒళ్లు పట్టి చూస్తుంటే మిగిలినవి నా బూటు తాళ్లు చప్పరించాయి. చివర్లో పందులాయన భార్య నాకు వీపు తిప్పి, రబ్బరు పైపుతో నేల కడుగుతోంది. పెంటంతా నీళ్లతో కలిసి కాలువలోకి, కాలువ నుంచి గోతిలోకి పోతోంది. మీద టార్పాలిన్ కప్పి ఉన్నా గొయ్యి నిండిపోయింది. పల్లపు వైపు గట్టు తెగి, సన్నటి నల్లటి ధార కుంటలోకి దిగుతోంది. దొరికింది అనుకున్నాను. ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీశాను.

పైపు కట్టేసి ఆవిడ ఇటు తిరిగింది.

"ఎవలయ్యా నువ్వు? లోపటికెట్లొచ్చినవ్?"

"డాక్టర్నమ్మా."

"డాక్టరైతే చెప్పకుండ చొరబడతవా?"

"గేటుకు తాళం లేదు."

"మా ఇంటికి గూడ తాళముండదు. పోయి మంచమ్మీద గూసుంటవా ఏంది?"

గేటు గొలుసు మళ్లీ వేసి వచ్చేశాను. ఆ మధ్యాహ్నమే రిపోర్టు చిత్తు రాశాను. మూడు పేజీలు వచ్చింది.

సోమవారం ఉదయం సెక్యూరిటీ అతను ఇంటర్‌కమ్‌లో పిలిచాడు. "సార్, కుంటకాడి పందులాయనంట. మీకోసం నిలవడ్డడు. పంపాల్నా?" నేనే కిందికి దిగాను. ఆయన లోపలికి రాకుండా రోడ్డు మీదే ఉన్నాడు.

"సార్, పందులకు జరమొచ్చింది. మేత ముడుతలేవు. మూడు పండుకున్నయి, లేస్తలేవు. బేస్తారం మీరొచ్చిపోయిండ్రంట, మా ఆమె చెప్పింది. ఈ రెండు నెలల్ల బయటోళ్లు లోపటికొచ్చింది మీరొక్కలే. జర నిజం చెప్పుండ్రి సార్. ఆ పొద్దు ఇంకేడికన్న పోయొచ్చిండ్రా?"

"డైరీ చూసి చెబుతాను" అన్నాను.

అంతకన్నా పిరికి మాట నా జీవితంలో అనలేదు. నాకు అంతా గుర్తుంది. అయినా లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లి గురువారం పేజీ తీశాను. పది గంటల దగ్గర "రెండు ఆడపందులు మేత ముట్టలేదు." పదకొండున్నర దగ్గర "పిల్లను పట్టి చూశాను." రెండూ నా చేతి రాతే, మధ్య నాలుగు గీతల దూరం. ఆ రోజు రాసుకుంటున్నప్పుడు ఆ రెంటినీ కలిపి చదవాలని నాకు తోచలేదు.

శంకర్‌పల్లి దారి ఆయనకు ఫోన్ చేశాను. "ఆ రెండూ పోయాయి సార్, ఇంకో నాలుగు పడ్డాయి. మీరొచ్చేటప్పటికే వారం నుంచి అట్లనే ఉన్నాయి. మీకెందుకు రంధి అని చెప్పలే" అన్నాడు. నేను మంచి మనిషని రాసుకున్నది ఈయన గురించే.

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండు ఫారాలవాళ్లకూ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. పైగా పందులు చస్తే షెడ్డు దానంతట అదే లేచిపోతుంది, నా రిపోర్టుతో కూడా పని ఉండదు. ఈ ఆలోచన నాకే వచ్చింది, ఇంకెవరూ నాకు చెప్పలేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. అది కూడా డైరీలో ఉంది.

కిందికి వెళ్లి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాడు.

"పోయినసారి గిట్లనే అయింది సార్. బేరగాడొకడొచ్చి పిల్లలను పట్టి సూసిండు. వారం దినాలల్ల ఒక్కటి మిగల్లే. గందుకే సార్ నేనడిగేది, యాడ తిరిగిండ్రని. డాక్టర్లకు గూడ చెప్పాల్నా?"

నేను నా బూట్ల వంక చూసుకున్నాను.

"ఇగ ఫికర్ వడితే ఏమొస్తది, లేవుండ్రి సార్" అని, కూర్చున్నవాడే లేచాడు. నేను నిలబడే ఉన్నాను.

ఆ రోజు సున్నపు నీళ్లలో బూట్లతో సహా నిలబడి లోపలికి వెళ్లాను. పడుకున్న ఆడపంది ఒంటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. వీపు మీద, డొక్కల మీద, కొద్దిగా ఉబ్బిన ఎర్రటి మచ్చలు. గాలిపటం ముక్కలు అతికించినట్టు పలకలు పలకలుగా ఉన్నాయి. ఆ మచ్చలు నేనెరిగినవే. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు, పెన్సిలిన్‌కు లొంగుతుంది. అది నిజంగా అదే అయితే. ఆఫ్రికన్ జ్వరం కాదని మాత్రం కంటితో చూసి చెప్పకూడదు. రక్తం తీసి ప్రయోగశాలకు పంపాను. నా తర్వాత నా కుర్చీలో కూర్చున్న డాక్టరమ్మ ఫోన్‌లో "ఫలితం వచ్చేదాకా అక్కడి నుంచి ఏ పందీ కదలకూడదు, మనుషులు కూడా సున్నంలో కాళ్లు ముంచకుండా బయటికి పోకూడదు సార్" అంది. చాలా ఏళ్ల తర్వాత నా చేత్తో సూదులు వేశాను. పందులాయన భార్య పందుల చెవులు పట్టుకుంది.

"పట్టుమంటే పడుతున్న గాని, ఈయన సూది మంచిదేనా?" అని మొగుణ్ణి అడిగింది, నేను పక్కనే ఉండగా.

"మంచిది కాకుంటే మాత్రం ఏం జేస్తవు? పట్టు."

చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. షెడ్డు పక్కన మూడు రాళ్ల మీద డ్రమ్ము, కింద కట్టెలు. దట్టంగా పొగ.

"ఇవాళ ఉడకబెడుతున్నావా?"

"రోజు ఉడకవెడత సార్. అన్నం దెచ్చేసరికే పన్నెండున్నర దాటుతది. ఒంటిగంటకు పొయ్యి ముట్టిస్తే మూడింటికి దించుత."

ఒంటిగంట నుంచి మూడు దాకా నేను భోంచేసి నిద్రపోతాను. ఇంటికి వెళ్లి మా ఆవిణ్ణి అడిగాను.

"ఆ పొగా? రోజూ వస్తుందండి. ఆరేసిన బట్టలకు కంపు పడుతుందని ఒంటిగంటకల్లా తీసేస్తాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడిగారా? మీరు అడిగేది డైరీనే కదండీ."

పద్నాలుగు "లేదు"లు. చూడని వేళకు కూడా కలిపి "లేదు" అని రాశాను. పాత ఉద్యోగంలో నా కింద పనిచేసేవాళ్లెవరైనా అలా రాసుంటే చీవాట్లు పెట్టేవాణ్ణి.

మూడో రోజు ఫలితం వచ్చింది. ఆఫ్రికన్ జ్వరం కాదు. నేననుకున్న జబ్బే. అప్పటికి ఒక తల్లి పంది, ఐదు పిల్లలు పోయాయి. మిగిలినవి ఒక్కొక్కటే లేచి మేత దగ్గరికి వచ్చాయి. నేను తెచ్చానా? శంకర్‌పల్లి దారి ఆయన పరీక్ష చేయించకుండానే అన్నీ పూడ్చేశాడు. ఈ సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న పంది గొంతులో కూడా దాగి ఉంటుంది, వానకు తడిసిన నేలలో కూడా. "మీరు తెచ్చారనీ చెప్పలేం, తేలేదనీ చెప్పలేం సార్" అంది డాక్టరమ్మ. ఆమెకు అలా మాట్లాడడం నేర్పింది నేనే. అప్పుడు మాత్రం ఇంకోలా చెబితే బాగుండుననిపించింది.

నెలాఖరుకు రిపోర్టు ఇచ్చాను, చిత్తుది చింపేసి మళ్లీ రాసింది. గొయ్యి తెగి పెంట నీళ్లు కుంటలోకి పోతున్న మాట నిజమని రాశాను, ఫొటోలు పెట్టాను. పెంటను పారతో పొడిగా ఎత్తి కుప్ప వేసి, ఆ తర్వాతే నేల కడిగితే గోతిలోకి వెళ్లే నీళ్లు బాగా తగ్గుతాయని, గట్టు ఎత్తు చేసి పల్లంలో ఏపుగా పెరిగే నేపియర్ మేతగడ్డి వేస్తే పెంట నీళ్లలో మిగిలిన బలం అది పీల్చుకుంటుందని రాశాను. కుంటలో నురగ మాత్రం షెడ్డు వైపు లేదు, మా ప్రహరీ కింద నుంచి అపార్ట్‌మెంట్ నీళ్లు తెచ్చే కాలువ కలిసేచోట ఉంది. ఆ నీళ్లు నేను పరీక్షించలేదు, పరీక్షించాలి అని రాశాను. మొదటి పేజీలో నా సంగతి రాశాను. అనుమతి లేకుండా వెళ్లింది, సున్నం పళ్లెం దాటేసింది, అంతకు ముందు ఇంకో ఫారంలో తిరిగింది, నా పొగ లెక్క చెల్లదని.

కార్యదర్శి చదివి తల పట్టుకున్నాడు.

"అంకుల్, ఆ మొదటి పేజీ తీసేయండి. అది ఉంటే మన కేసు నిలబడదండి."

"కేసు మీదండి. పేజీ నాది."

"మీకు వాళ్ల మీద జాలి కలిగింది."

"జాలి కాదు. వానకు తెగిందని అతనంటున్న ఆ గట్టును, గొయ్యి నిండినప్పుడు అతనే తెంపుతున్నాడేమోనని నాకింకా అనుమానం. కానీ అది నేను చూడలేదు."

కంప్లైంట్ వెళ్లలేదు. గొయ్యి బాగు చేసుకోమని షెడ్డుకు దసరా దాకా గడువిస్తూ సంఘం ఒక తీర్మానం రాసి ఊరుకుంది. మా కాలువ సంగతి కూడా రిపోర్టుతో పాటు పైకి వెళుతుందని భయపడ్డారని నా అనుమానం. ఎవరూ ఒప్పుకోరు. దసరా వెళ్లింది. షెడ్డు ఉంది. గోతి గట్టు ఎత్తయింది, గడ్డి మోకాలి దాకా పెరిగింది. వాసన గడిలో మూడు వేసి చాలా రోజులైంది.

పదిహేను రోజులకోసారి వెళ్లి గొయ్యీ పందులూ చూసి వస్తానన్నాను. ఆయన కాదనలేదు. అడగడం కూడా మానలేదు.

మొన్న ఆదివారం వెళ్లాను. అంతకు ముందు నాలుగు రోజులూ ఏ పందుల దగ్గరికీ వెళ్లలేదు. చూపించడానికి ఏకంగా డైరీనే పట్టుకెళ్లాను. ఆయనకు చదువు రాదు. జాలీ సందులోంచి డైరీ అందుకుని భార్యకిచ్చాడు. ఆవిడ ఏడో తరగతి దాకా చదివిందట. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది, అయితే నేను చెప్పిన పేజీ కాదు.

"'శనివారం. రెండు బస్తాల సున్నం. పూడ్చడానికా?' ఓయమ్మా! ఏం పూడుస్తమనుకున్నవ్ సార్, మమ్ములనా?"

"అది పాతదమ్మా. వెనక్కి కాదు, ముందుకు తిప్పు."

"'మనిషి మాట నమ్మేలా లేదు.' ఇదెవల గురించి?"

"నా గురించే, ఇంకెవలుంటరు" అన్నాడు ఆయన.

"గిదొక్కటి నిజం రాసిండు."

ఆయన నవ్వాడు. నేను కూడా నవ్వాను, ఆలస్యంగా. ఆవిడ ఇప్పటి పేజీకి వచ్చింది.

"గురువారం, కొత్తగూడ కండ్ల దవాఖాన. శుక్రవారం, ఇంట్ల. శనివారం, కూరగాయలు. బుధవారం..." పేజీ నాకేసి తిప్పింది. "బుధవారం ఏం రాయలే."

చూశాను. నిజమే. రక్తపోటు కూడా రాయలేదు. ఎందుకు రాయలేదో గుర్తు రాలేదు.

"ఇంట్లోనే ఉన్నానమ్మా. వాన కదా."

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన డైరీ తీసుకుని, రెండు చేతులతో జాలీలోంచి నాకు తిరిగి ఇచ్చాడు.

"ఉంటే ఉన్నరు సార్. రాయలే గద. ఇగ నాలుగు దినాలాగి రాండ్రి."

జేబులో పెన్ను ఉంది. అక్కడే నిలబడి బుధవారం నింపేయవచ్చు. పెన్ను తీయలేదు. ఇంటికి వచ్చాక ఆదివారం గడిలో రాశాను: "ఉదయం తొమ్మిది. గాలి పడమటి నుంచి. వాసన ఒకటి. గేటు బయటి నుంచే పంపించేశాడు. సరిగ్గా చేశాడు." బుధవారం ఖాళీగానే ఉంది.